గిటు రా బిడ్డా

బెంగుళూరు,
ఆగస్టు 3

చిన్నమ్మా,

ముందే చెబుతున్నాను, ఈ కాగితం మరీ పలుచన. కొన్ని చుక్కలు చిరిగిపోయి నీ వేళ్ళకు అందకపోవచ్చు. మందపాటి కాగితం అయిపోయిందట ఇక్కడ. క్యాంపుకు వచ్చిన రోజే ఫోన్లు తీసేసుకున్నారు. ఆదివారం సాయంత్రం ఒక్కసారి ఇస్తారు, అదీ హాల్లో అందరి మధ్య నిలబడి మాట్లాడాలి. నీతో మాట్లాడాల్సినవి అట్లా మాట్లాడేవి కావు. అందుకే బడిలో నువ్వు నేర్పిన స్లేటు, స్టైలస్ బయటికి తీశాను. బ్రెయిలీ ఉత్తరానికి స్టాంపు కూడా అక్కర్లేదు కదా.

నాన్న బోయినపల్లి నుంచి వస్తే అర్థమయ్యేటట్టు చెప్పు. అంధ మహిళల ప్రపంచకప్పుకు దేశం తరఫున ఆడే జట్టును ఇక్కడే ఎంచుతారు. మైదానంలో దిగే పదకొండు మందిలో చూపు బొత్తిగా లేనివాళ్ళు నలుగురు ఉండి తీరాలి. మమ్మల్ని బీ-వన్ అంటారు. మిగతావాళ్ళకు అంతో ఇంతో కనిపిస్తుంది. ఆ నలుగురిలో ముగ్గురు పాతవాళ్ళు, వాళ్ళను ఎవరూ కదపలేరు. నాలుగో చోటుకు నేనూ, ఒడిశా నుంచి వచ్చిన ఊర్మిలా మిగిలాం. మా మంచాలు పక్కపక్కనే. తక్కువ మాట్లాడుతుంది. హిందీ ఆమెకూ నాలాగే అంతంత మాత్రం.

అసలు సంగతి ఇది. నిన్నటి ప్రాక్టీసు మ్యాచ్‌లో నన్ను దూరంగా, గాలి కొట్టే వైపు నిలబెట్టారు. మన బంతిలో ఉండే గుండ్ల గలగల ఆ గాలిలో కలిసిపోతుంది. నా పక్క నుంచే బంతులు పోతున్నాయి, నేను గడ్డి తడుముకుంటున్నాను. కోచ్ నిట్టూర్పు కూడా వినిపించింది. అప్పుడు నా ఎడమ చెవి దగ్గర ఎవరో ఆడమనిషి అన్నది: “గిటు రా బిడ్డా. గిటు. ఇగ వంగు.”

వంగాను. బంతి వచ్చి అరచేతిలో పడింది.

ఆ తర్వాత ఒక్క బంతి కూడా నన్ను దాటి పోలేదు చిన్నమ్మా. ఒకసారి పడి లేచిన బంతిని పట్టినా మాకు అవుటే కదా, అట్లా రెండు క్యాచ్‌లు పట్టాను. ప్రతిసారీ అదే గొంతు. వయసులో ఉన్న మనిషి. సన్నటి గొంతు, సాంచాల షెడ్డులో, మరమగ్గాల అంత చప్పుడులోనూ మన ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటారే, అట్లా చప్పుడును చీల్చుకుని వచ్చేది. మన యాస వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఎవరో మన దిక్కు పిల్ల జట్టులో ఉందన్నమాట. ఆట అయ్యాక పిలిచాను, ఎవరూ పలకలేదు. సిగ్గేమో.

అమ్మమ్మకు నా ముద్దులు. మాట రాకపోయినా చెవి దగ్గర చెప్పు, వింటుంది.

నీ ప్రణీత


సిరిసిల్ల,
ఆగస్టు 8

బంగారు ప్రణీతకు,

నీ ఉత్తరం మూడుసార్లు తడిమాను. చిరిగిన చోట నేనే ఊహించుకున్నాను. ఆఫీసులో ఫోన్ ఎత్తుతూ కూడా ఒక చెయ్యి సంచిలో నీ కాగితం మీదే పెట్టుకున్నాను. “మేడమ్, రెండుసార్లు హలో అన్న, ఇంటున్నరా?” అని ఎవరో కోప్పడ్డారు.

ఆ పిలిచిన పిల్లది ఏ ఊరో తప్పకుండా అడుగు. కొడిమ్యాల వైపో, ఎల్లంతకుంట వైపో అయి ఉంటుంది. తెలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళి నేనే దండం పెట్టి వస్తాను. కానీ ఒక మాట, తల్లీ. ఒకే చోటు కోసం ఇద్దరు కొట్లాడేచోట ఎవరూ ఊరికే సాయం చెయ్యరు. రెండు రోజులు సరిగ్గా చెప్పి, పెద్దవాళ్ళు చూసే రోజున తప్పు చెబితే ఏం చేస్తావు? ఆ ఊర్మిల చాటుగా మన యాస నేర్చుకుని నిన్ను ఆడిస్తున్నదేమో. నాకైతే అనుమానమే. జాగ్రత్త.

ఇక ఇంటి విశేషం. ఎండాకాలంలో పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి మూలుగు తప్ప మాట లేని మా అవ్వ, అదే మీ అమ్మమ్మ, మాట్లాడుతున్నది! నేను ఆఫీసులో ఉన్నప్పుడు పక్కింటి మొగిలవ్వ కదా ఆమెకు కాపలా. ఆమె చెప్పింది: “మధ్యాహ్నం పూట మీ అవ్వ మేకలను అదిలిచ్చినట్టు ఏదో అంటుందే గీతా. నేను దగ్గరికి పోతె నన్ను జూడది. చూపంత గోడ దిక్కే.” నేను వచ్చేసరికి మళ్ళీ మౌనమే. అయినా మాట తిరిగిందంటే మంచిదే కదా. చర్చిలో సాక్ష్యం చెప్పాను, పాస్టరమ్మ చాలా సంతోషపడింది.

వేళకు తిను. పాదాలకు కొబ్బరినూనె రాసుకో.

చిన్నమ్మ గీత


బెంగుళూరు,
ఆగస్టు 13

చిన్నమ్మా,

తెలుగు పిల్ల ఎవరూ లేదు.

ఒక్కొక్కరినీ అడిగాను. కర్ణాటక వాళ్ళు ఉన్నారు, కేరళ, గుజరాత్, మధ్యప్రదేశ్ వాళ్ళు ఉన్నారు. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను అడుగుతున్న తీరుకు కొందరు నవ్వారు.

నీ ఉత్తరం చదివాక నా మనసు ఊర్మిల మీదకు పోయింది. ఆమె నాకు దగ్గరలోనే నిలబడుతుంది. గొంతు మార్చి పిలవడం పెద్ద పనా అనిపించింది. ఆగలేక కోచ్‌కు చెప్పాను, ఆట మధ్యలో ఎవరో నన్ను పిలుస్తున్నారని, ఊర్మిల మీద అనుమానమని. పిలవడం తప్పు కాదు, జట్టువాళ్ళు పిలుచుకోవచ్చు, కానీ తప్పు దిక్కు చెప్పి మోసం చెయ్యడానికే అయితే మాత్రం ఊరుకోనని ఆయన అన్నారు. ఆమెను రెండో జట్టులోకి, మైదానం అవతలి కొనకు పంపించేశారు. నిన్నటి మ్యాచ్‌లో ఆమెను దింపలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది, పలకరిస్తే పలకలేదు.

ఆమె అంత దూరం పోయింది కదా, అయినా నిన్న కూడా గొంతు వచ్చింది చిన్నమ్మా. అదే ఎడమ చెవి దగ్గర.

నిన్న ఇంకొక వింత. గొంతు వెనకాల చప్పట్లు వినిపించాయి. చాలామంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని కొడుతున్నట్టు. పాట కూడా. వరుస తెలుస్తున్నది కానీ మాటలు అందడం లేదు, నాలుగు గోడల మధ్య పాడుతుంటే బయట నుంచి వింటున్నట్టు ఉంది. ఇక్కడేమో చుట్టూ ఖాళీ మైదానం. ఆ చప్పట్లలో బంతి గలగల పోయింది. నా కాలికి తగిలి బౌండరీ దాటింది. పక్కనున్న పిల్లను అడిగాను, “ఎవరు పాడుతున్నారు?” అని. “ఎక్కడ?” అన్నది.

ఎండదెబ్బ కావచ్చు. డాక్టరు ఉప్పు నీళ్ళు తాగమన్నారు.

ప్రణీత


సిరిసిల్ల,
ఆగస్టు 13

ప్రణీకి,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా మనసు ఆగక రాస్తున్నాను.

నిన్న మన ఇంట్లో పండుగలా ఉంది. అవ్వ మాటల సంగతి విని పాస్టరమ్మ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. నేను సెలవు పెట్టలేకపోయాను, మొగిలవ్వే అంతా చెప్పింది. అన్నాలు తిన్న తర్వాత అవ్వ మొదలుపెట్టిందట. ఏం అంటున్నదో వాళ్ళకు సరిగ్గా తెలియలేదు. మాట వేగంగా, ఊపిరి ఎగబోస్తూ వచ్చిందట. “గిది మనిషి మాట కాదు, ఆత్మ మాట్లాడుతున్నది” అని పాస్టరమ్మ మోకాళ్ళ మీద పడింది. అందరూ మంచం చుట్టూ కూర్చుని చప్పట్లు కొడుతూ పాడారు.

కానీ అవ్వకు కోపం వచ్చింది. పనిచేసే కుడిచెయ్యి లేపి విసిరింది. “ఊకోండ్రి, ఊకోండ్రి! ఇనబడ్తలేదు!” అని అరిచింది. ఆ మాట మాత్రం అందరికీ స్పష్టంగా తెలిసింది. తమ ప్రార్థన దేవునికి వినబడడం లేదని చెబుతున్నదనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా పాడారట. అవ్వ కన్నీళ్ళు పెట్టుకున్నదని మొగిలవ్వ అన్నది.

అవ్వ కుడి అరచెయ్యి వేడిగా ఉబ్బి ఉంది. మంచం పట్టెకు కొట్టుకుంటున్నదేమో అనుకుని పాత చీర చుట్టాను. జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి ఆటో మాట్లాడాను. మీ అమ్మ కూడా వస్తానన్నది, పత్తి చేన్ల కలుపు పని ఒక పూట మానుకుని.

ఆ పిల్లది ఏ ఊరో తెలిసిందా?

చిన్నమ్మ


బెంగుళూరు,
ఆగస్టు 18

చిన్నమ్మా,

నువ్వు కూర్చునే చదువు.

నీ ఉత్తరం శనివారం అందింది. చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి నా వేలు కదలలేదు. ముందు ఉత్తరంలో నేనొక మాట నీకు రాయలేదు. ఆ రోజు బంతి నా కాలికి తగిలి పోయినప్పుడు ఆ గొంతు కోపంగా అరిచింది: “ఊకోండ్రి! ఇనబడ్తలేదు!” నన్నే కసిరిందనుకుని రాయలేదు.

అదే రోజు. అదే పూట.

ఆదివారం ఫోన్‌లో నిన్ను అడుగుదామనుకున్నాను. వెనకాల ఇరవై మంది నిలబడి ఉన్నారు. “అమ్మమ్మ ఎట్లుంది?” అన్నాను. “మంచిగనే ఉంది” అన్నావు. ఇద్దరమూ ఇంకేదో అడగబోయి ఆగిపోయామని నాకు తెలుసు.

కానీ అది అమ్మమ్మ గొంతు కాదు కదా చిన్నమ్మా. అమ్మమ్మ గొంతు నాకు తెలియదా? పుట్టిన దగ్గర నుంచి విన్నాను. నూలు దుమ్ముతో గరగరలాడే గొంతు, మాటకు మాటకు మధ్య దగ్గు. ఇది పడుచు గొంతు. దగ్గు అసలే లేదు. అదే నాకు భయం వేస్తున్నది. గొంతు ఎవరిదో ఆనవాలు తెలియదు, పిలుపు మాత్రం మనదే.

చిన్నప్పుడు ఆమె నూలు కండెలు చుట్టే షెడ్డుకు నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. రెండు వైపులా సాంచాలు తిరుగుతుంటే మధ్య సందులో చేతులు దగ్గర పెట్టుకుని నడవాలి. అమ్మమ్మ అవతలి కొన నుంచి పిలిచేది. ఆ పిలుపు పట్టుకుని నడిచేదాన్ని. ఒక్కనాడు కూడా నా గౌను అంచు మెషీన్‌లో పడలేదు.

ఎంపికకు ముందు ఇంకా మూడు మ్యాచ్‌లు ఉన్నాయి. ఒకసారి ఆఫీసుకు సెలవు పెట్టి మధ్యాహ్నం ఇంట్లో ఉండు. ఆమె పక్కన కూర్చుని ఏం అంటున్నదో నువ్వే విను. ఊర్మిల సంగతి ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. ఆమె ఏ పాపమూ ఎరగదు.

ప్రణీత


సిరిసిల్ల,
ఆగస్టు 23

ప్రణీ,

విన్నాను.

వరుసగా సెలవు పెట్టాను. మొదటి రోజు అవ్వ ఏమీ అనలేదు. ఆ రోజు మీకు ఆట లేదేమో. రెండో రోజు అన్నాలు తిన్నాక మొగిలవ్వను బయటికి పంపి తలుపు పెట్టుకున్నాను. అవ్వ పక్కన పడుకుని నా చెవి ఆమె నోటికి ఆనించాను. ముందు ఊపిరి మారింది. కూర్చున్న మనిషి లేచి నిలబడితే ఊపిరి మారుతుందే, అట్లా. తర్వాత మాట వచ్చింది.

ఆ గొంతు నీకు తెలియదు, నాకు తెలుసు. నేను ఐదేళ్ళ పిల్లనప్పటి అవ్వ గొంతు అది. షెడ్డు పని ఇంకా ఆమె ఛాతీలోకి దిగకముందు, మీ తాతను మట్టి చెయ్యకముందు గొంతు. ముప్పై ఏళ్ళ కింద పోయిన ఆ గొంతు, ఆ పడిపోయిన మూతి నుంచి, నా చెవిలోకి వచ్చింది. “గిటు రా బిడ్డా. జర ఆగు. ఇగ వంగు. ఆఁ, పట్టు.” నేను చెవి తియ్యలేదు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు స్టైలస్ పట్టుకుని కూర్చున్నాను. మాటల మధ్య ఆమె నోరు తెరిచి ఊపిరి పీల్చుకున్నప్పుడు, ఆమె గొంతు లోపల, చాలా దూరంలో, బంతి గలగల వినిపించింది. దొర్లుతూ దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె కుడిచెయ్యి అప్పుడే గట్టిగా ముడుచుకుంది. విప్పి చూస్తే వేడి.

అవ్వ తగ్గిపోతున్నది. ఆట ఉన్న రోజున ముద్ద మింగదు. దినమంతా నాట్లు వేసిన మనిషిలా చెమటలు. జగిత్యాల డాక్టరు “ఏం పని చేపిస్తున్నరమ్మా ముసలామెతోని?” అని నన్నే అడిగాడు. 

ఇక నేను చెప్పబోయేది విని నన్ను తిట్టుకోకు. కోరుట్ల హాస్టల్లో ఉన్నప్పుడు మగపిల్లలు గలగల బంతితో ఆడుతుంటే నేను బౌండరీ బయట కూర్చుని వినేదాన్ని. ఎవరు కొట్టారో, బంతి ఎటు పోయిందో చప్పుడుతో చెప్పేదాన్ని. నన్నూ ఆడించమంటే సారు నవ్వి, “ఆడపిల్లలకు టీం ఎక్కడిది గీతా?” అన్నాడు. ఇప్పుడు టీం ఉంది. ఒక చోటు ఉంది. ఇంకా రెండు మ్యాచ్‌లే ఉన్నాయి. అవ్వకు తెలుసు తను ఏం చేస్తున్నదో. ఆమెకు ఇష్టం లేకపోతే పిలుస్తుందా? ఈ రెండూ ఇట్లాగే సాగనీ. జట్టులో నీ పేరు వచ్చేదాకా సాగనీ. ఆ తర్వాత ఆమెను నేను కంటికి రెప్పలా చూసుకుంటాను.

నువ్వు ఏమీ అనకు. ఊరికే విను, ఊరికే పట్టు.

గీత


బెంగుళూరు,
ఆగస్టు 29

చిన్నమ్మా,

నీ మీద కోపం లేదు. కానీ నువ్వు చెప్పినట్టు చెయ్యలేకపోయాను.

నీ ఉత్తరం అందిన మరునాడే చివరి మ్యాచ్. ఎంపిక చేసేవాళ్ళు ముగ్గురు కుర్చీలేసుకుని కూర్చున్నారని చెప్పారు. బీ-వన్‌లకు ఉన్న నియమం ప్రకారం కళ్ళకు గంతలు కట్టి మమ్మల్ని నిలబెట్టారు. నేను బౌండరీ దగ్గర, నాకు అవతల ఊర్మిల. మనిషి తక్కువై ఆమెను ఆఖరి నిమిషంలో దింపారు.

బౌలర్ “రెడీ?” అన్నది. బ్యాటర్ “యెస్” అన్నది. “ప్లే!” బంతి గలగలమన్నది. వెంటనే ఎడమ చెవిలో “గిటు రా...” అని మొదలైంది. ఈసారి ఆ మాట వెనకాల ఊపిరి నాకు తెలిసింది. మెట్లు ఎక్కలేక ఎక్కుతున్న మనిషి ఊపిరి. ఇన్ని రోజులూ నాకు ఆ ఊపిరి ఎందుకు వినబడలేదు చిన్నమ్మా? బంతి మీదే చెవి పెట్టాను కాబట్టి.

అందరి ముందూ పైకే అన్నాను: “అమ్మమ్మా, ఇగ సాలు. నువ్వు పండుకో. నేను జూసుకుంట.”

పక్క పిల్ల “క్యా?” అన్నది. గొంతు ఆగిపోయింది. చెవి దగ్గర ఎప్పుడూ ఉండే మనిషి లేచి వెళ్ళిపోయినట్టు ఎడమ వైపంతా చల్లబడింది.

ఆ తర్వాత నా ఆట నాదే. రెండు బంతులు వదిలేశాను. ఒకటి ఆపాను, వేలు వాచింది. బ్యాటింగ్‌లో కొద్దిగా కొట్టాను. చెడ్డగా ఆడలేదు, గొప్పగా ఆడలేదు. గొప్పగా ఆడింది ఊర్మిల. బంతి ఎటు వచ్చినా ముందే అక్కడ ఉన్నది.

సాయంత్రం ఆమె నా మంచం మీదకు వచ్చి కూర్చుంది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది. ముక్కలు ముక్కలు హిందీలో అడిగింది, “నువ్వు మైదానంలో ఎవరితో మాట్లాడావు?” నేను ఆమె వేళ్ళు రుద్దాను. “నువ్వు మాట్లాడాక ఆమె నా దగ్గరికి వచ్చింది” అన్నది. “మాటలు అర్థం కాలేదు. ఏం చెయ్యమంటున్నదో మాత్రం అర్థమైంది.” తర్వాత ఆమె విన్నది విన్నట్టు పలికింది. ఒడియా నాలుక మీద మన సిరిసిల్ల మాట. 

లేచి కోచ్ దగ్గరికి వెళ్ళాను. ఊర్మిల మీద నేను చెప్పింది తప్పు, ఆమె నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు, ఆ కారణంగా ఆమెను పక్కన పెట్టకండి అన్నాను. “ఇది చెప్పడం నీకు మంచిది కాదు, తెలుసు కదా?” అన్నారు. తెలుసన్నాను.

ఈ ఉదయం జట్టు చదివారు. నాలుగో బీ-వన్ ఊర్మిల. నేను రిజర్వ్. ప్రపంచకప్పుకు వస్తాను, కానీ బయట కూర్చుంటాను.

నువ్వు ఏడుస్తావని తెలుసు. అమ్మమ్మ ఎట్లా ఉందో రాయి.

నీ ప్రణీత


సిరిసిల్ల,
సెప్టెంబరు 12

ప్రణీ తల్లీ,

నువ్వు వచ్చి అమ్మమ్మకు పిడికెడు మట్టి వేసి వెళ్ళావు. ఇల్లంతా జనం, పాట, ఏడుపు. నీతో ఒంటరిగా మాట్లాడే చోటే దొరకలేదు. దొరికినా నోరు వచ్చేది కాదేమో. కాగితమే మేలు.

నీ చివరి మ్యాచ్ రోజున నేను ఆమె పక్కనే ఉన్నాను. “గిటు రా” అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. నేను భయపడి ఆమె పెదవుల మీద వేళ్ళు పెట్టాను. నవ్వుతున్నది. “పండుకో అంటున్నది పొల్ల” అన్నది. ఆ మాట మాత్రం ముసలి గొంతుతోనే వచ్చింది.

కాసేపు నిజంగానే పడుకుంది. హమ్మయ్య అనుకుని నేను లేవబోయాను. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బిడ్డా అనలేదు. “ఓ పోరీ, నిన్నే. కుడిచెయ్యి కాదు, నీకలవాటున్న చెయ్యే సాపు. ఎడమది. ఆఁ.” ఎవరినో కొత్తవాళ్ళను పిలిచినట్టు.

సాయంత్రం జొన్న గట్క అడిగి రెండు ముద్దలు తిన్నది. తింటూ తింటూ అడిగింది: “గా ఎడమచెయ్యి పిల్లకు ఎవ్వరు లేరానే గీతా?”

“ఏ పిల్లనే అవ్వా?”

“గా మూలకు నిలవడ్డ పిల్ల. అమ్మను యాది చేసుకుంట నిలవడ్డది. పిలిచెటోళ్ళు లేరు పాపం.”

ప్రణీ, ఊర్మిలది ఎడమచేతి వాటమని నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. ఫోన్‌లో చెప్పలేదు. ఉత్తరాలన్నీ మళ్ళీ తడిమి చూశాను.

ఆ వారంలోనే, మధ్యాహ్నం పూట, ఆమె ఏమీ పిలవకుండా, మూలగకుండా పోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొగిలవ్వ గడపలో కూర్చుని ఉంది. శవపేటికలో పడుకోబెట్టేముందు నేను ఆమె కుడిచెయ్యి తడిమాను. వాపు లేదు. చల్లగా, మెత్తగా, చిన్నపిల్ల చెయ్యిలా ఉంది.

రెండు మ్యాచ్‌లు సాగనీ అన్నాను నేను. నువ్వు పండుకోమన్నావు. నీ మాటే ఆమె విన్నది. ఆ రెండు ముద్దలు ఆమె తిన్నది నీవల్లే అనుకుంటున్నాను. నేను నీకు ఏ ముఖం పెట్టుకుని పెద్దదాన్నని చెప్పుకోను?

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఆమె పోయాక కూడా ఆ పిల్లకు గొంతు వినిపిస్తున్నదా? జవాబు రాయాలనిపిస్తేనే రాయి.

గీత


ఢిల్లీ,
అక్టోబరు 19

చిన్నమ్మా,

ఆలస్యమైంది. నువ్వు అడిగినదానికి జవాబు నాకే నమ్మకం కుదిరేదాకా రాయలేకపోయాను. పెద్దదాన్ని కాననే మాట మళ్ళీ అనకు. అక్షరం నువ్వే నేర్పావు. నన్ను బంతి దగ్గరికి తీసుకుపోయింది కూడా నువ్వే.

ఊర్మిలను అడిగాను. అమ్మమ్మను మట్టి చేసిన రోజు నుంచి ఏమీ వినబడలేదట. ఆమెకు అమ్మమ్మ సంగతి అంతా చెప్పాను. చివరిదాకా విన్నది. తర్వాత తన తల్లి వరదలో కొట్టుకుపోయిందని చెప్పింది. చెయ్యి పట్టుకుని ఉండగానే జారిపోయిందట, తన ఎడమచేతిలో నుంచి. క్యాంపులో ఎవరికీ చెప్పలేదట.

నిన్న మా మొదటి మ్యాచ్. నేను బయట కుర్చీలో ఉన్నాను. ఆట మధ్యలో మా బీ-వన్ ఒకామెకు కాలు మడత పడింది. నన్ను దింపారు. గంత కట్టుకుని లోపలికి నడిచాను. ఊర్మిల నాకు కొంచెం దూరంలో ఉంది. స్టేడియంలో జనం, డప్పులు, ఈలలు. “ప్లే!” అనేసరికి నిశ్శబ్దంగా ఉండాలి, కానీ జనం పూర్తిగా ఆగరు.

మొదటి బంతి ఊర్మిల పక్క నుంచి పోయింది. రెండోది కూడా. ఆమె కదలడం లేదు. నాకు ఆమె బూటు చప్పుడు వినబడడం లేదు. చెయ్యి చాపి నిలబడి ఉందని వికెట్‌కీపర్ తర్వాత చెప్పింది. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూ అట్లా బొమ్మలా నిలబడిందట.

మూడో బంతి గాలిలోకి లేచింది. గలగల పైకి పోయి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగడం మొదలైంది. నా వైపు కాదు, ఆమె వైపు. నేను నోరు తెరిచాను. ఊర్మిలా అని అరుద్దామనుకున్నాను, అంతే అనుకున్నాను. బయటికి వచ్చింది మాత్రం సన్నటి గొంతు. జనం చప్పుడును చీల్చుకుని పోయింది. నా గొంతు అంత సన్నగా ఎప్పుడూ లేదు. నా ఛాతీలో అంత ఊపిరి ఎక్కడిదో నాకు తెలియదు. దగ్గు లేదు, వణుకు లేదు.

బంతి ఒకసారి నేలను తాకింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఆమె చేతిలో ఆగింది. అదే ఆఖరి వికెట్, జనం లేచారు.

అందరూ ఆమెను కౌగిలించుకున్నారు. చివరకు ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది, చేతులు చాచి, నా భుజాలు దొరికేదాకా. చెవి దగ్గర అడిగింది, “ఎన్నిసార్లు పిలిచావు?”

“ఒక్కసారే” అన్నాను.

“కాదు. రెండుసార్లు. మొదట నువ్వు, వెంటనే నీ వెనకాల ఇంకొకరు” అన్నది.

 ఆమె చెయ్యి వదలకుండా ఇద్దరం కలిసి మైదానం బయటికి నడిచాం. ఎడమ వైపు కొంచెం చోటు వదిలిపెట్టి నడిచాం చిన్నమ్మా, ఇంకొక మనిషి పట్టేంత.

నీ ప్రణీత